మా ఆగ్నేయం, వాళ్ళ ఈశాన్యం

అనంతపురం ఊరి బయట, ఒకప్పుడు వేరుశనగ చేలుగా ఉన్న నేలలో వేసిన లేఅవుట్‌లో మా ఇల్లు. లేఅవుట్ చుట్టూ ప్రహరీ, ముందు గేటు, గేటు దగ్గర కాపలా మనిషి. ఇళ్ళవాళ్ళంతా కలిసి పెట్టుకున్న సంఘం ఒకటి ఉంది. ఇంటి ముందు రేకుల పందిరి వేయాలన్నా, వెనక గుంత తవ్వాలన్నా ఆ సంఘం ఒప్పుకోవాలి. ఇల్లు కొన్నప్పుడు ఆ నిబంధనల కింద నేనూ సంతకం పెట్టాను. కాదనను. కానీ ఒక మనిషి తన పెరట్లో చలి కాచుకోవడానికి అనుమతి అడిగితే ఆ మనిషితో ఎలా మాట్లాడాలో అందులో ఎవరూ రాయలేదు.

నేను ఉద్యోగమంతా గుంతకల్లు రైల్వేలో చేశాను. అక్కను యాడికి అనే ఊరి దగ్గరి పల్లెకు ఇచ్చారు. బావ పోయాక, పిల్లలు లేరు కాబట్టి, చేను మరిది వాళ్ళకు గుత్తకిచ్చి ఒంటరిగా ఉంటూ వచ్చింది. మా అమ్మ కూలికి పోయే రోజుల్లో నన్ను సంకనేసుకుని తిప్పింది అక్కే. రిటైరయి ఇల్లు కట్టుకున్నాక పోయి తీసుకొచ్చాను. "ఆ ఊర్లో ఏమి చేస్తానప్పా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. "ఏమీ చేయొద్దు, ఊరికే కూసో" అన్నాను. ఊరికే కూర్చోవడం అక్కకు ఎంత కష్టమో నాకప్పుడు తెలియలేదు.

మా వీధిలో తలుపులన్నీ మూసే ఉంటాయి. మా ఆవిడ ఇంకా బడిలో పనిచేస్తోంది. సాయంత్రం అలసిపోయి వచ్చి నేరుగా వంటగదిలోకి పోతుంది. నాకు మాట్లాడే అలవాటు తక్కువ. మాట్లాడినా ఎవరి మీదో ఫిర్యాదుగానే ఉంటుందని మా ఆవిడ అంటుంది. అలాంటి ఇంట్లో అక్కకు దొరికిన ఒకే ఒక్క దిక్కు మా దక్షిణపు గోడ.

ఆ గోడకు అవతల ఇల్లు పాతూరులో బట్టలంగడి ఉన్న సెట్టిగారిది. ఆయన పొద్దున పోతే రాత్రికి వస్తాడు. ఆయన భార్య, మా అక్క నోట సెట్టెమ్మ, పగలంతా ఇంట్లోనే. మధ్య గోడ నిలువు బండలది, అక్క ఛాతీ ఎత్తుకు వస్తుంది. వెనక పెరట్లో అక్క ఇటు, ఆమె అటు, సాయంత్రం కాగానే గోడ మీద మోచేతులు ఆనించి నిలబడేవాళ్ళు. ఒకరోజు నేను మంచం మీద పడుకుని విన్నది ఇంకా గుర్తుంది.

"ఏం కూర పెద్దక్కా ఈ పొద్దు?"

"అలసంద కాయలు. మా తమ్మునికి పడవు, అందుకే చేసినా."

"అయ్యో, ఒగడే తమ్ముడు గదా!"

"తమ్ముడైతే? చిన్నప్పుడు నా నడుము ఇరిగేదాకా మోసినా. ఇప్పుడన్నా రోంత బరువు తగ్గనీ."

ఇద్దరూ నవ్వారు. నాకు కోపం రాలేదు. మా ఇంట్లో ఆ నవ్వు వినబడటమే నాకు పెద్ద సంగతి.

కార్తీకం దాటాక మా మెట్టలో సాయంత్రం గాలి ముల్లులా గుచ్చుతుంది. అక్క కొంగు తలకు చుట్టుకుని నిలబడేది కానీ, మునుపటిలా ఎక్కువసేపు ఉండలేక లోపలికి వచ్చేసేది. అప్పుడొకరోజు అంది:

"మా ఊర్లో అయితే కళ్ళం కాడ మంటేసుకోని కూసుంటాంటిమి. ఈడ గూడా రోంత మంట ఉంటే ఇంగా శానాసేపు మాట్లాడుకోని కూసుందుము."

గోడ అవతల నుంచి సెట్టెమ్మ వెంటనే అందుకుంది. "ఎయ్యి పెద్దక్కా! నువ్వు మంటెయ్యి, నేను ఈడ్నుంచే చేతులు సాపుకుంటా."

అక్క నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. మరునాడే గడ్డపార తీసుకుని పెరటి మూలన, ఆ గోడకు దగ్గరగా గుంత మొదలుపెట్టాను. చుట్టూ పేర్చడానికి ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలు ఉండనే ఉన్నాయి. సగం తవ్వానో లేదో కాపలా మనిషి వచ్చి నిలబడ్డాడు.

"సార్, పని ఆపమన్నారు. ప్రెసిడెంటు సార్ చెప్పినాడు."

"ఎవరు చెప్పారు ఆయనకు?"

"అది నాకు తెల్దు సార్. ఆపమన్నారు, అంతే."

ఎవరు చెప్పారో నేను తర్వాత కనుక్కున్నాను. ఎదురింటి వాళ్ళు. వాళ్ళ మేడ మెట్లు ప్రహరీ దాటి వీధిలోకి వచ్చాయని గృహప్రవేశం నాటి నుంచీ నాకు తెలుసు. నేను ఎవరికీ చెప్పలేదు.

అనుమతికి దరఖాస్తు పెట్టాను. సంఘం కమిటీ కూర్చున్న రోజు నేను పోయేసరికి కుర్చీలన్నీ నిండిపోయాయి. ఒక్కరూ లేవలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను. నాకన్నా చిన్నవాడు ఒకడు కాలు మీద కాలు వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఆ మనిషి ఇప్పటికీ నాకు నమస్కారం పెడతాడు, నేను తిరిగి పెట్టను.

అధ్యక్షుడు బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి వచ్చినవాడు. నా దరఖాస్తు చదివి కళ్ళజోడు తీశాడు.

"చూడండి, పొలంలో ఉన్నట్టు ఇక్కడ ఉంటానంటే ఎలాగండీ? ఇది కళ్ళం కాదు కదా."

"కళ్ళమే" అన్నాను. "ఈ ఇండ్లు రాకముందు ఇది కళ్ళమే. ఈ నేలలో చెనిక్కాయలు నూర్చిన మనుషులు ఇంకా బతికే ఉండారు."

మా వైపు పీర్ల పండగకు నిప్పుల గుండం తొక్కుతారు. వెనక నుంచి ఎవరో, "ఏం సార్, మాతో గుండం తొక్కిపిస్తారా?" అన్నాడు. అందరూ నవ్వారు. అధ్యక్షుడూ నవ్వాడు. ఆ నవ్వు గురించే నేను తర్వాత సంఘానికి ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

నవ్వు ఆగాక సెట్టిగారు లేచాడు. గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి.

"సార్, పొగతో నాకు పని లేదు. నేను ఇంట్లో ఉండేదే తక్కువ. కానీ ఆ మూల మీకు ఆగ్నేయం, మాకు ఈశాన్యం. ఆడ మా సంపు ఉండాది, తులసమ్మ ఉండాది. నీళ్ళ మూలను ఆనుకోని నిప్పు పెడితే ఇల్లు నిలుస్తాదా?"

ఆయన చెప్పింది నిజమే. మా వరసలో ఇళ్ళన్నీ పడమటి ముఖం, పెరళ్ళు తూర్పున. మా దక్షిణపు గోడే వాళ్ళ ఉత్తరపు గోడ. మా పెరటి ఆగ్నేయ మూల, వాళ్ళ పెరటి ఈశాన్య మూల ఒకే బండకు రెండు పక్కలు. నిప్పు ఆగ్నేయంలో ఉండాలనేది శాస్త్రం. నీళ్ళు ఈశాన్యంలో ఉండాలనేదీ శాస్త్రమే. నాకు వాస్తు మీద గొప్ప నమ్మకమేమీ లేదు. నేను ఆ మూల తవ్వింది గోడకు దగ్గరని, అంతే. కానీ ఆయన శాస్త్రం ఎత్తాక నేనూ ఎత్తాను.

"నిప్పు ఆగ్నేయంలో గాక యాడ పెట్టమంటారు? మీ సంపు మీ ఈశాన్యంలో ఉండొచ్చు, నా నిప్పు నా ఆగ్నేయంలో ఉండగూడదా?"

"ఇద్దరూ శాస్త్రం ప్రకారమే ఉండారు గదప్పా, ఇంగ కొట్లాట ఏంటికి?" అన్నాడు కమిటీలో ఒక పెద్దాయన. మంచి ప్రశ్నే.

"గుంతను ఇంకో మూలకు జరుపుకోండి" అన్నాడు అధ్యక్షుడు.

అప్పుడే సరే అని ఉండవచ్చు. ఇంకో మూల అంటే గోడకు దూరం. మంట పక్కన అక్క ఒక్కతే కూర్చోవాలి. కానీ అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. అంత నవ్వాక, ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవడానికి సార్ అని ఎలా చెప్పను? "నా స్థలంలో నాకు హక్కుంది" అన్నాను. అప్పటినుంచి అది హక్కు సంగతి అయిపోయింది.

ఆ చలికాలం కమిటీలోనే గడిచిపోయింది. నేను టౌనులో ఒక సిద్ధాంతిని పిలుచుకొచ్చాను. ఆగ్నేయంలో నిప్పు నా సొత్తు అన్నాడు. సెట్టిగారు ఇంకో సిద్ధాంతిని తెచ్చాడు. ఈశాన్యం పక్కన నిప్పు ఇంటికి కీడు అన్నాడు. ఇద్దరూ ఒకే పంచాంగం చూసేవాళ్ళు. పొగ మీద ఒక సమావేశం, కట్టెలు ఎక్కడ పెట్టుకోవాలనే దాని మీద ఒక సమావేశం, చెనిక్కాయ పొట్టు కాల్చకూడదని ఒక సమావేశం. ఒకదానికి రమ్మని నాకు కబురే పంపలేదు. ఎండాకాలంలో ట్యాంకర్ల గొడవ వచ్చి మా ఫైలు అడుగున పడింది. నేను ప్రతిసారీ పోయి దాన్ని పైకి తీయించాను.

విచిత్రం ఏమంటే, అన్నాళ్ళూ గోడ దగ్గర మాట ఆగలేదు. నేనూ సెట్టిగారూ గేటు దగ్గర ఎదురైతే చెరో పక్కకు చూసేవాళ్ళం. సాయంత్రం అయ్యేసరికి మా అక్క, వాళ్ళ ఇంటావిడ గోడ మీదికి చేరేవాళ్ళు.

"మీ తమ్ముడు ఈ పొద్దు గూడా మీటింగుకు పోయినాడా పెద్దక్కా?"

"పోయినాడు. మీ ఆయన?"

"ఆయనా పోయినాడు. పోనీలే, మనకు రోంత ఏకాంతం."

మళ్ళీ చలి మొదలయ్యే ముందు, ఒక ఆదివారం సాయంత్రం అధ్యక్షుడే మా ఇంటికి వచ్చాడు. మొదటిసారి. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. ఆయన నెమ్మదిగా అసలు మాట చెప్పాడు.

"సెట్టిగారు ఒక మెట్టు దిగారండీ. మధ్య గోడ మీద ఆయన రేకు కట్టుకుంటారు. నిప్పు వాళ్ళ ఈశాన్యానికి కనబడకుండా అడ్డు ఉంటే దోషం లేదని వాళ్ళ సిద్ధాంతి చెప్పారట. గోడ ఉమ్మడిది కాబట్టి మీరూ ఒప్పుకోవాలి. రేకుకు మీరు సరేనంటే, మీ మంటకు ఆయన సరేనంటారు. ఇద్దరికీ ఒకే మీటింగులో అనుమతి ఇచ్చేస్తాం."

నేను గెలిచాననుకున్నాను. "ఆయన గోడ మీద ఆకాశం దాకా కట్టుకోనీండి. నాకేమి?" అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు అక్క పెరట్లోనే ఉంది. కిటికీలోంచి కనబడుతోంది. గోడ మీద చేట పెట్టుకుని ఇద్దరూ చెరో పక్క నుంచి అనపకాయలు ఒలుస్తున్నారు. పిలిచి ఒక మాట అడగాలని నాకు తోచలేదు. అధ్యక్షుడికీ తోచలేదు. కాఫీ బాగుందని చెప్పి పోయాడు.

అనుమతి కాగితం వచ్చింది. పక్కన బకెట్లో ఇసుక ఉండాలి, ఎండిన కట్టెలే వాడాలి, రాత్రి భోజనాల వేళకు ఆర్పేయాలి. అన్నీ ఒప్పుకున్నాను. అదే వారంలో సెట్టిగారి మనుషులు వచ్చి బండల వెంబడి ఇనుప కమ్మీలు నిలిపి, మనిషి ఎత్తు దాటి నీలం రేకు బిగించారు. అక్క పెరట్లోకి వచ్చి చూసింది.

"ఇదేందప్పా, ఈడ కడ్తాండారు?"

"మన మంటకు ఒప్పుకున్నారక్కా. వాళ్ళ వాస్తు కోసం అడ్డం పెట్టుకుంటాండారు."

"ఎన్నాళ్ళు ఉంటాది?"

"ఉంటాది ఇంగ."

అక్క పనివాళ్ళు ఆఖరి బోల్టు బిగించేదాకా అక్కడే నిలబడింది.

ఆదివారం సాయంత్రం మొదటి మంట నేనే వేశాను. తుమ్మకట్టెలు మంచివి తెచ్చాను. ఇటుకల చుట్టూ నీళ్ళు చల్లి, అక్కకు పీట వేశాను. బాగా రాజుకుంది. పొగ కూడా పెద్దగా లేదు, ఎవరూ వంక పెట్టడానికి లేదు. అక్క కూర్చుంది. కానీ మంట వైపు కాదు, రేకు వైపు ముఖం పెట్టి కూర్చుంది. కాసేపటికి గొంతు పెంచి పిలిచింది.

"సెట్టెమ్మా! ఉండావా?"

అవతల చెంబు చప్పుడు ఆగింది. "ఉండా పెద్దక్కా."

"మంటేసినాడు మా తమ్ముడు."

"కనపడల్యా పెద్దక్కా. ఎచ్చగా ఉండాదా?"

"ఉండాది."

తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. ముఖం చూడకుండా కేక వేసి చెప్పదగిన మాటలు ఆడవాళ్ళ దగ్గర ఎన్ని ఉంటాయి? కూర సంగతి కేకేసి చెప్తే వీధంతా వింటుంది. పెళ్ళి కుదరని కొడుకు సంగతి కేకేసి చెప్పలేరు. ఇంకో రెండు మాటలయ్యాక లోపల మగ దగ్గు వినిపించింది. ఆదివారం కదా, ఆయన ఇంట్లోనే ఉన్నాడు. తర్వాత తలుపు వేసిన చప్పుడు.

వాళ్ళ ముందు గేటు నుంచి పోవచ్చు కదా అన్నాను. అక్క ఒకసారి పోయింది కూడా. ఇంతలోనే తిరిగి వచ్చింది. "గేటుకాడ నిలబెట్టే మాట్లాడిందప్పా. ఎనక్కి ఎనక్కి చూస్తాండె. పాపం, దాని తప్పు గాదు" అంది. ముందు వాకిట్లోంచి పోతే అది రాకపోక. ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు అని ఇంటాయనకు చెప్పాలి. గోడ దగ్గర మాట ఎవరి లెక్కలోకీ రాదు. ఇన్నేళ్ళు ఇళ్ళల్లో బతికి ఆ తేడా నాకు అక్క చెప్తేనే తెలిసింది.

కొన్ని సాయంత్రాలు అక్క మంట దగ్గర కూర్చుంది, నేను నొచ్చుకుంటానని. తర్వాత "మోకాళ్ళు పట్టుకుంటాండాయి" అని లోపలే ఉండిపోయింది. మా ఆవిడ ఒకరోజు అన్నం పెడుతూ అంది, "మీరు గెలిచిన మంట మీరే కాచుకోండి" అని. ఆ మాట నేను మరచిపోలేదు.

ఒకసారి అక్క నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"నేను మంట అడిగింది మాట కోసరమప్పా. అసలుకు ఆ బండలు పగలంతా ఎండకు కాగి పొద్దుగూకినా ఎచ్చగానే ఉంటాండె. మోచేతులు పెట్టుకుంటే సుకంగా ఉంటాండె. రోంత చలైతే ఏమి, ఓర్చుకుందును."

"ముందే చెప్పుంటే పోయె గదక్కా?"

"నువ్వు అడిగితివా?"

మరునాడు నేను పాతూరులో సెట్టిగారి అంగడికి పోయాను. ఆ మెట్టు ఎక్కడం నాకు ఎంత కష్టమో నాకే తెలుసు. ఆయన లేచి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. కమిటీలో ఎవరూ చేయని మర్యాద ఆయన చేశాడు. అదీ గుర్తుపెట్టుకున్నాను. గుంత పూడ్చేస్తాను, రేకు తీసేయండి అన్నాను.

ఆయన చేతిలోని బట్టల తానును మడిచి అరలో పెట్టాడు.

"సార్, మీరు ఇంత దూరం వచ్చి అడిగితే నాకు కాదనాలని లేదు. కానీ ఆ రేకు ఏసినాకనే మా చిన్నోనికి సంబంధం కుదిరింది. ఎన్నాళ్ళ నుంచో తప్పిపోతాన్నింది సార్. ఇంట్లో అందరికీ అదే నమ్మకం. పెండ్లి ముందర దాన్ని ఎట్ల తీస్తా?"

"పెండ్లయినాక?"

"పెండ్లయినాక కాపురం ఉంటాది గదా సార్."

నాకు కోపం వస్తే బాగుండేది. రాలేదు. శాస్త్రం ముందుకు తెచ్చి కొట్లాడిన మనిషిని, ఇప్పుడు శాస్త్రం వద్దని ఎలా అంటాను? టీ తాగి వచ్చేశాను.

సంబంధం సంగతి అక్కకు చెప్పాను. ముఖం ఒక్కసారి వెలిగింది. "కుదిరిందా? మంచి మాట చెప్పినావు సామీ. ఆ పిల్లోని కోసరం శానా ఏడ్సింది సెట్టెమ్మ." మళ్ళీ తనే అంది, "కుదిరితే మొదట నీకే సెప్తా పెద్దక్కా అని ఉన్నింది."

పెళ్ళి పిలుపు మాకూ వచ్చింది. సంఘం వాట్సాప్ గ్రూపులో, అందరితో పాటు.

గుంత నేనే పూడ్చాను. పూడ్చడానికి అనుమతి అక్కర్లేదని అధ్యక్షుడు దారిలో ఎదురై నవ్వుతూ చెప్పాడు. పెళ్ళి మేళం రేకు అవతల మోగుతున్న రోజు అక్క తన బట్టలు సంచిలో సర్దుకుంది. మరిది వాళ్ళింటికి పోతానంది. నేను చాలా చెప్పాను. మా ఆవిడ అక్క చెయ్యి పట్టుకుంది.

"మీరేమి తక్కువ చేసినారమ్మా? అన్నం పెడ్తిరి, మందులు ఇప్పిస్తిరి. ఆడైతే పలకరిచ్చే నోరు ఉంటాది, అంతే. మళ్ళ వస్తాలే" అంది అక్క.

యాడికి బస్సు ఎక్కించి వచ్చాను. మళ్ళీ చలికాలాలు వచ్చాయి, పోయాయి. అక్క రాలేదు. నేను పోయి చూసి వస్తుంటాను. రమ్మని అడగను. అడిగితే వస్తుందేమో, వచ్చి ఎక్కడ కూర్చుంటుంది?

వారానికోసారి ఫోను చేస్తాను. మొన్న చేసినప్పుడు ఎత్తి "బాగుండావా అప్పా?" అందో లేదో, ఎవరో ఇంట్లోకి వచ్చారు. ఫోను పక్కన పెట్టేసింది, కట్టేయలేదు. ఎవరిదో మేక తాడు తెంపుకుని ఎవరి చేలోనో పడిందట. దాని మీద ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళ గొంతులు. "పంచాయితీకి పోతాదంట మేక" అని అక్క అంది. అందరూ నవ్వారు. ఇక్కడ నేను వీధి వాకిట్లో కుర్చీ వేసుకుని ఫోను చెవికి పెట్టుకుని వింటున్నాను. ఎవరి మేకో నాకు తెలియదు. మా ఆవిడ లోపల నుంచి ఎవరితో మాట్లాడుతున్నారని అడిగింది. ఎవరితోనూ కాదన్నాను.

అక్కకు నేను గుర్తొచ్చేదాకా ఫోను పెట్టేయలేదు.